తోక కట్టిన కోడి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, ఒక కోడి. వల బాగుచేస్తున్న నాన్న సింహాద్రి, మసాలా నూరుతున్న అమ్మ గంగాభవాని, ఇద్దరికీ సలహాలిస్తున్న నాయనమ్మ కాశమ్మ, ఎవరితోనూ ఏమీ అనని దుర్గ. కోడి మధ్యాహ్నానికి ఉండదని అందరికీ తెలుసు, కోడికి తప్ప.

కూర్మన్నపాలెం నుంచి మావయ్య అప్పలసూరి వస్తున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. తొంభై ఎనిమిది జూన్ అది. వారం రోజులుగా సముద్రం పోటెత్తి యారాడలో ఒక్క పడవా కదల్లేదు. చేపలు పట్టే ఇంట్లో చుట్టానికి చేప పెట్టలేకపోవడం అమ్మకు తల కొట్టేసినట్టుంది. అందుకే కోడి.

దుర్గ ఆలోచన వేరు. ఊరి బడిలో పది పాసయింది. మావయ్య ఇంట్లో ఉండి అక్కడి కాలేజీలో బైపీసీ చదవాలని ఉంది. ఆ కాలేజీలో అద్దాల బీరువాలో ఒక కోడి ఎముకల గూడు నిలబెట్టి ఉంటుందని బడిలో తాతబాబు మాస్టారు ఎప్పుడో చెప్పారు. అప్పటి నుంచి కొండ అవతల ఫ్యాక్టరీ పొగ కనిపిస్తే చాలు, ఆమెకు ఆ బీరువా గుర్తొస్తుంది. మావయ్యను అడగాల్సిన వాక్యాన్ని డైరీలో పంతొమ్మిది రకాలుగా రాసుకుంది. నోటితో ఒక్కసారీ అనలేదు. కిందటిసారి అమ్మ ఆ మాట కదిపితే మావయ్య తేల్చేశాడు కూడా: "నోరు నేని గుంట ఇది, అక్కా. పట్నంలో బస్సు టికెట్టే అడగనేదు. సదువేటి సదువుద్ది?"

కాబట్టి అడగకుండా చూపించాలనుకుంది. ఆరేడు నెలల కిందట, బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్కలో ఒక వార్త చదివింది. చైనాలో ఈకలున్న రాక్షసబల్లి రాయిలో దొరికిందట, మన పక్షులన్నీ ఆ వంశమేనట. మిగతాదంతా నూనె మరక. ఆ ముక్కను డైరీలో అంటించి పెరట్లో కోళ్లను చూసింది. కాళ్ల మీద పొలుసులు సరిపోయాయి. ముందుకి మూడు వేళ్లూ సరిపోయాయి. లేనిదల్లా పొడుగాటి తోక. ఈ కోడి గుడ్డులోంచి వచ్చిన వారం నుంచీ, ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ దాని వెనక సరుగుడు పుల్ల కట్టి నడిపించేది. ఆరు నెలల్లో పుల్ల మూర పొడవైంది. తోక కడితే కోడి గబగబా నడవదు. తొడలు లేపి, మెడ ముందుకు చాచి, పెద్దపెద్ద అంగలు వేస్తుంది. అది చూస్తే మావయ్య ఎందుకని అడుగుతాడు. అడగడం కంటే జవాబు చెప్పడం ఆమెకు తేలిక.

పుల్ల కట్టి ముడి బిగిస్తుండగా అమ్మ కేకేసింది. "ఒలే దుర్గా! కోడేదే? కత్తిపీట కాడకి తే!"

దుర్గ ఉలిక్కిపడింది. కోడి చేతిలోంచి జారి, తోకతో సహా వీధిలోకి పోయింది.

పక్కింటి గంగరాజు అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. బీడీ కింద పడింది. "ఓలమ్మో! కాశమ్మప్పా! మీ కోడికి అమ్మోరు పూనింది! దాని నడక సూడు!"

కాశమ్మ వచ్చి చూసి చెంపలేసుకుంది. "గంగమ్మ తల్లీ! సముద్రం ఎందుకు కోపంగుందో ఇప్పుడు తెలిసింది. నీకు మొక్కిన కోడిని సుట్టానికి వండుతన్నాం!"

"ఎప్పుడు మొక్కేవే అమ్మా?" అన్నాడు సింహాద్రి.

"గురుతు నేదురా. మొక్కే ఉంటాను."

ఎవరో పసుపునీళ్లు పోశారు, ఎవరో వేపమండలు తెచ్చారు, ఎవరో డప్పు అందుకున్నారు. కోడి ముందు, ఊరు వెనక. డప్పుకు బెదిరిన కోడి ఒడ్డు దాకా నడిచి, నీళ్లు చూసి ఆగింది.

"సముద్రం కేసి తిరిగింది!" అని అరిచాడు గంగరాజు. "అమ్మ ఎల్లమంటంది. బావా సింహాద్రీ, పడవ దించెయ్!"

కెరటాలు తాటిచెట్టంత లేస్తున్నాయి. అయినా నాన్న పంచె ఎగ్గట్టి పడవకు భుజం ఆనించాడు. సరిగ్గా అప్పుడే మావయ్య వ్యాను వచ్చి ఆగింది. మావయ్య దిగడం దుర్గ చూడలేదు. ఆమెకు నాన్న భుజం తప్ప ఏమీ కనిపించలేదు.

"ఆగండి! అమ్మోరు కాదు!" ఆ గొంతు ఎవరిదో ఊరివాళ్లకు వెంటనే తెలియలేదు. "అది తోక! నానే కట్టాను! కోడి ఎనకటికి రాక్షసబల్లి వంశం. తోక పోయింది గనక బరువు ముందుకొచ్చి మోకాళ్ల మీద నడుత్తాది. తోక కడితే బరువు ఎనక్కెళ్లి తొడలతో నడుత్తాది. ఆర్నెల్ల నుంచి సూత్తన్నాను. పడవ దించకు నాన్నా!"

డప్పు ఆగింది. సింహాద్రి కోడిని పట్టుకుని తోక మొదలు చూశాడు. వలకు వేసే ముడి. కూతురికి తానే నేర్పాడు. పంచె దించుకున్నాడు.

"కోడికి బరువేటి? తోకేటి?" అని గొణిగాడు గంగరాజు.

"ఉంటాది గంగరాజూ," అన్నాడు వెనక నుంచి మావయ్య. "మా క్రేనుకి ఎనకాల బరువు కట్టకపోతే బోర్లా పడిపోద్ది. అది తెలవడానికి నాకు రెండేళ్లు ట్రైనింగిచ్చారు." మేనకోడలి వైపు తిరిగాడు. "ఇన్ని మాటలు ఎక్కడ దాసినావే?"

"డైరీలో," అంది దుర్గ.

పసుపునీళ్లు పడ్డ కోడిని కొయ్యకూడదంది కాశమ్మ. కోడి మసాలా ఎండుచేపల పులుసులో పడింది. మావయ్య రెండుసార్లు వేయించుకుని, చెయ్యి కడుక్కుంటూ, "గుంట బట్టలు సర్దక్కా," అన్నాడు. పంతొమ్మిది వాక్యాల్లో ఒక్కటీ అక్కర్లేకపోయింది.

కాశమ్మ కోడిని కూడా తెచ్చి, వ్యాను ఎక్కిన దుర్గ ఒళ్లో పెట్టింది. "అమ్మోరు కాకపోతే రాక్షసి వంశమే గదా. నా ఇంట్లో వద్దు. ఆ ముడి మీద మాత్రం కత్తి పెట్టకండి, ఏమో!"

అమ్మ సంచీ అందించింది. ఆ పూట నోరు లేనిది ఆమెకే. దుర్గ కొండ వైపు చూడబోయింది. ఇన్నాళ్లూ చూసిన పొగ అటే ఉంది. కానీ కళ్లు అమ్మ మసాలా చేతుల దగ్గరే ఆగిపోయాయి.

మావయ్య వ్యాను తలుపు దఢాలున వేశాడు. తోక ఇరుక్కోవడంతో ఇంకోసారి వెయ్యాల్సి వచ్చింది.