ప్రజాభిప్రాయానికి వారం రోజుల బస

హైకోర్టు అదనపు న్యాయమూర్తి పరాంకుశం గారిని పదవిలో ఖాయం చేయవచ్చా లేదా అన్న విషయమై ప్రజాభిప్రాయం సోమవారం ఉదయం పదకొండింటికి సువర్చల ఇంటికి వచ్చింది. వెంట కోర్టు జవాను జకరయ్య ఉన్నాడు. అతని చేతిలో రసీదు పుస్తకం, నిబంధనల కాగితం ఉన్నాయి.

ప్రజాభిప్రాయం మధ్యవయసు మనిషంత ఉంది. ముఖం ఎక్కడో చూసినట్టే ఉంటుంది గాని ఎక్కడో గుర్తు రాదు. గుమ్మంలో నిలబడి, "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరాండీ?" అని అడిగింది.

"దానికి అలవాటమ్మా, ఏమనుకోకండి," అన్నాడు జకరయ్య. "శనివారం పొద్దున్నే తీసుకొచ్చి జిల్లా కోర్టు హాల్లో అప్పజెప్పాలి. ఈలోగా మీ అభిప్రాయాలేవీ దానికి ఎక్కించకూడదు. ఎక్కించారని తెలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

సువర్చల కాగితమంతా చదివి సంతకం పెట్టింది. చదవకుండా పాలవాడి చీటీ మీద కూడా సంతకం పెట్టే మనిషి కాదు. ప్రజాభిప్రాయం ఎవరింట్లో దిగాలన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు. తన పేరే రావడం మంచికో చెడ్డకో ఆమెకు తేలలేదు. ఎందుకంటే, రోడ్డు వెడల్పు కోసం మున్సిపాలిటీ వాళ్ళు ఆమె వంటింటి గోడ మీద ఎర్ర గీత గీసి పద్దెనిమిది నెలలైంది. గీతకు రోడ్డు వైపున్నదంతా కూల్చాలి. పొయ్యి ఆ వైపే ఉంది. కూల్చకుండా ఆపింది పరాంకుశం గారు. వాదనలు కూడా విని తీర్పు రిజర్వు చేశారు. ఆయన్ని ఖాయం చేయకపోతే గడువు ముగిసి వెళ్ళిపోతారు, వాదనలు మరొకరి ముందు మొదటినుంచి జరగాలి. ఈలోగా గీత మాటేమిటో లాయరు కూడా చెప్పలేకపోతున్నాడు.

విత్తనాల దుకాణంలో గుమాస్తా పని చేసే ఆమె భర్త భుజంగరావుకి నిబంధనలంటే లెక్కలేదు. సాయంత్రం చొక్కా విప్పుతూనే మొదలుపెట్టాడు.

"చూడండీ, ఆయన్ని ఖాయం చేస్తేనే మా వంటిల్లు నిలబడేది. అవునని చెప్పేయండి, ఒక పనైపోతుంది."

"అవునండీ," అంది ప్రజాభిప్రాయం.

భుజంగరావు భార్య వంక గెలిచినట్టు చూశాడు. మర్నాడు ఎదురింటి మాణిక్యాంబ పిండి జల్లెడ కోసం వచ్చి, "ఈ జడ్జీ పుణ్యమాని రోడ్డు పడక, మా అత్తగారిని మంచంతో సహా వీధి చివరిదాకా మోసుకెళ్ళాం. అంబులెన్సు రాలేదుగా! అలాంటాయన్ని ఉంచుతారా ఎవరైనా?" అంది.

"అవునండీ," అంది ప్రజాభిప్రాయం, అంతే మర్యాదగా.

బుధవారం మధ్యాహ్నం సువర్చల చిక్కుడుకాయలు వలుస్తుంటే అది ఎదురుగా కూర్చుని ఈనెలు తీస్తోంది.

"ఆయన తీర్పులేవైనా చదివారా?" అని అడిగింది సువర్చల.

"లేదండీ. మీరో?"

సువర్చల చేయి ఆగింది. పద్దెనిమిది నెలలుగా ఆయన పేరున దీపం పెడుతోంది గాని, ఆయన రాసినది ఒక్క ముక్క చదవలేదు. కూల్చకుండా ఆపుతూ ఆయన ఇచ్చిన మూడు పేజీల ఉత్తర్వు బీరువాలోంచి తెచ్చి పైకి చదివింది. అభిప్రాయం ఎక్కించకూడదన్నారు గాని, చదివి వినిపించకూడదని కాగితంలో లేదు. ప్రజాభిప్రాయం ఈనెలు తీయడం మానేసి విన్నది. ఇంతవరకు దానికి ఎవరూ ఏదీ పూర్తిగా వినిపించినట్టు లేదు.

"మళ్ళీ చదవండి," అంది. రెండోసారి విన్నాక అడిగింది: "ఆయన కూల్చొద్దన్నారా, ఇప్పుడే కూల్చొద్దన్నారా?"

సువర్చల కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది. కూల్చడం తప్పని ఎక్కడా లేదు. ఒప్పనీ లేదు. ఆయన తన వైపో, మాణిక్యాంబ వైపో, అసలు ఏ వైపైనా ఉన్నారో ఆమెకు అర్థం కాలేదు. ఆ రోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది.

శనివారం హాల్లో కోర్టు గుమాస్తా ఫారం తీసి అడిగాడు. "ఖాయం చేయవచ్చునా? అవునా, కాదా?"

"మిగతా తీర్పులు కూడా చదివి చెప్తానండి," అంది ప్రజాభిప్రాయం.

గుమాస్తా ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ జవాబుకి గడి లేదు. సువర్చల వైపు తిరిగి, "ఏం పెట్టారమ్మా దీనికి?" అన్నాడు.

"చిక్కుడుకాయ కూరండీ."

"అదేం కాదు. ఏదో చదివించినట్టున్నారు."

అనారోగ్య కారణంగా ప్రజాభిప్రాయం హాజరు కాలేదని అతను దాని ఎదుటే రాశాడు. ఇలాంటప్పుడు దాన్ని వెంటబెట్టుకెళ్ళి బసలో దింపినవారి మాట చెల్లుతుందట. జకరయ్యను పిలిచి అడిగితే, అతను బస్సు టైమవుతోందని "అవును" అన్నాడు. మంగళవారం పేపర్లో వార్త వచ్చింది. ప్రజల ఏకగ్రీవ అభిప్రాయం మేరకు పరాంకుశం గారిని ఖాయం చేశారు. అదే ఉత్తర్వులో వేరే రాష్ట్రానికి బదిలీ చేశారు. సువర్చల కేసు మొదటినుంచి వినాలి.

జబ్బుచేసిన ప్రజాభిప్రాయాన్ని నయమయ్యేదాకా ఆమె ఇంట్లోనే ఉంచమన్నారు. రోజుకి ఆరు గంటలు టీవీ చర్చలు చూపించాలి, అక్షరాలున్న కాగితమేదీ కంటబడనీయకూడదు, ఒంటరిగా వదలకూడదు. సువర్చల అన్నీ వేళకి చేసింది. పక్కనే కూర్చుని తానూ చూసింది. మొదట్లో అది మధ్యమధ్య "ఎందుకని?" అని అడిగేది. నాలుగో రోజుకి తగ్గింది. పదో రోజుకి ఇద్దరికీ ప్రాణం తేలికపడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భుజంగరావు చెప్పాడు. "కేసు కొత్తాయనకిచ్చారట. ఎవరో తెలీదు గాని చాలా మంచాయనట."

"అవునండీ," అన్న మాట రెండు గొంతుల్లో ఒక్కసారే వినిపించింది. భుజంగరావు తలెత్తకుండా మజ్జిగ పోసుకున్నాడు.