చైన్‌వీల్‌కు మూడడుగుల పైపు

రెండో శనివారం పొద్దున సురేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సవిత మహిళా సంఘం మీటింగు నుంచి మధ్యాహ్నం దాకా రాదు. బామ్మర్ది శ్రావణ్ హైదరాబాద్ నుంచి సాయంత్రానికి గానీ దిగడు. ఈలోపు ముందుగదిలో దుప్పటి కింద ఉన్న శ్రావణ్ ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్ తీసి, కోటగిరి రోడ్డు మీద ఒక్క చక్కర్ కొట్టి, మళ్లీ అదే దుప్పటి కప్పేయాలి.

నెల కిందట ఆ సైకిల్‌ను బోధన్‌లో అక్క ఇంట్లో పెట్టి వెళ్తూ శ్రావణ్ చెప్పింది ఒకటే మాట. "అక్కా, బావ చెయ్యి పడనియ్యకు." దసరాకు అత్తగారింట్లో సురేందర్ మిక్సీ బాగుచేసినప్పటి నుంచి అక్కడ పచ్చడి రోట్లోనే నూరుతున్నారు. హైస్కూల్లో సైన్సు చెప్పే మనిషికి ఆ మాట గుచ్చుకుంది. అయినా ముట్టనని సవితకు మాటిచ్చాడు. ఆ మాట కూడా పోతే అత్తగారింట్లో ఇక బల్బు మార్చడానికైనా ఆయన్ని స్టూలెక్కనివ్వరు.

కాలువ వంతెన దాటగానే చైన్ కటకటమని జారింది. దిగి చూస్తే పెడల్ దగ్గరి చైన్‌వీల్ ఒక పక్కకు వంగి ఉంది. తాను దేన్నీ గుద్దలేదు, చిన్న గుంతలో దిగాడంతే. కానీ చెప్పకుండా తెచ్చిన బండికి ఏమైనా, తన వల్లే అయిందనిపిస్తుంది. సైకిల్ నడిపించుకుంటూ, ఊరి చివర చెరుకు ట్రాక్టర్లు బాగుచేసే దేవిదాస్ షెడ్డుకు చేరాడు.

"గింతేనా సార్? చైన్‌వీల్ ఊడదీస్త, దాగలి మీద పెట్టి రెండు దెబ్బలేస్త, సాపైతది. అర్ధగంట పని," అన్నాడు దేవిదాస్.

"నేను గూడ గదే అనుకున్న," అన్నాడు సురేందర్. నిజానికి అంతవరకు ఏమీ అనుకోలేదు.

ట్రాక్టర్ బేరింగులు లాగే పుల్లర్ పెట్టి దేవిదాస్ పెడల్ కాడను ఇట్టే లాగేశాడు. ఇద్దరికీ ధైర్యం వచ్చింది. తీరా చూస్తే చైన్‌వీల్‌ను పట్టి ఉంచింది నట్టు కాదు, చుట్టూ గాట్లున్న రింగు. షెడ్డులోని పానాల్లో ఒక్కటీ దానికి పట్టలేదు. దేవిదాస్ ఒక ఇనుప గొట్టం ముక్క తీసుకుని, దాని అంచును గాట్లకు సరిపోయేలా పళ్లుగా కోసి, అడ్డంగా కడ్డీ వెల్డింగ్ పెట్టి కొత్త పానా చేశాడు. ముచ్చటైన పనితనం. చైన్‌వీల్ తిరగకుండా పాత చైన్ చుట్టి స్తంభానికి కట్టేసి, పానాను ఎడమకు తిప్పాడు. రింగు కదల్లేదు.

పక్కనే చెరుకు రసం మిషన్ నడిపే హన్మవ్వ తొంగి చూసింది. "సారూ, ఒక మాట..."

"తర్వాత అవ్వా. రెండు గ్లాసులు కొట్టు," అన్నాడు సురేందర్.

"చెరుకు ట్రాలీల దగ్గర నేను నేర్సుకున్నది ఒక్కటే సార్," అన్నాడు దేవిదాస్. "ఊడలేదంటే పైపు చిన్నగున్నట్టు."

"తులాదండం సూత్రం గదే! భుజం పొడుగైతే బలం పెరుగుతది." ఎనిమిదో తరగతి పాఠం ఇంత బాగా పనికొస్తుందని సురేందర్ ఎప్పుడూ అనుకోలేదు.

కడ్డీకి అడుగున్నర పైపు తొడిగారు. లాభం లేకపోతే మూడడుగుల పైపు తొడిగి, సుత్తితో కొట్టారు. సుత్తి చప్పుడుకు జనం మూగారు, మూగినవాళ్లు రసం తాగారు. హన్మవ్వ మరోసారి "బిడ్డా, అది..." అనబోతే ఎవరో ఇంకో నాలుగు గ్లాసులు అడిగారు.

అంతలో సవిత ఫోన్ చేసింది.

"ఎక్కడున్నరు? శ్రావణ్ సైకిల్ ఎవడో ఎత్తుకపోయిండు! దేవిదాస్ షెడ్డు కాడ తాళం పలగ్గొడుతున్నరని సంఘం గ్రూపుల ఫొటో పెట్టిండ్రు. ఇంటికొచ్చి చూస్తే ఉత్త దుప్పటే ఉన్నది!"

సురేందర్ చుట్టూ చూశాడు. కారులో పోతూ ఎవరో ఫొటో తీసి ఉంటారు. అదృష్టం కొద్దీ తన వీపే పడింది.

"నువ్వు భయపడకు. నేను దొంగ దగ్గర్నే ఉన్న."

"అయ్యో! బలంగున్నడా?"

"నా అంత ఉంటడు."

"ఇడ్సిపెట్టకుండ్రి! ఫొటో జూసి శ్రావణ్‌కు ఫోన్ జేస్తే, పొద్దటి బస్సుకే వచ్చి ఇప్పుడే దిగిండట. ఇద్దరం గాడికే వస్తున్నం."

సురేందర్ ఫోన్ జేబులో పడేశాడు. దేవిదాస్‌తో పాటు తానూ పైపుకు వేలాడాడు. రింగు కిర్రుమంది.

"కదిలింది సార్!" అన్నాడు దేవిదాస్.

కదిలిన మాట నిజమే. అంతలో ఆటో ఆగింది.

సవిత దిగుతూనే నలువైపులా చూసింది. "దొంగేడి?"

సురేందర్ చేతిలో పైపు అలాగే ఉంది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, కంగారుగా వచ్చిన ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాడు. "నేనే. ముట్టనని మాటిచ్చి ముట్టిన. చైన్‌వీల్ వంచిన. తప్పయింది."

శ్రావణ్ చైన్‌వీల్ చూసి తల గోక్కున్నాడు. "నువ్వు వంచలే బావా. పోయినసారి సిరికొండ గుట్టల్ల రాయికి కొట్టి నేనే వంచిన. మార్సుదామనే కొత్తది, పానా తెచ్చిన." సంచిలోంచి రెండూ తీశాడు.

సవిత తమ్ముడి వైపు తిరిగింది. "మరి వంగిందని అప్పుడే చెప్పకపోతివేందిరా?"

"చెప్తే బావ బాగుచేస్తడని."

నవ్వు ఆపుకోవడానికి అందరూ తంటాలు పడ్డారు. శ్రావణ్ తన మెరిసే పానా పెట్టి ధీమాగా ఎడమకు తిప్పాడు. రింగు కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పాడు.

"ఇప్పుడన్న చెప్పనిస్తరా?" అంది హన్మవ్వ. దేవిదాస్ పానా పెట్టించి, మూడడుగుల పైపు మీద కాలేసి కుడికి తొక్కింది. రింగు టక్కున ఊడింది. "మా రసం మిషన్‌కు గూడ గిట్లనే ఉల్టా మర. పొద్దటిసంది మీరు బిగిస్తనే ఉన్నరు."

"మరి ముందే చెప్పొద్దా అవ్వా!" అన్నాడు సైన్సు మాస్టారు.

"చెప్పబోయినప్పుడల్లా రసం కొట్టుమంటిరి. వచ్చిన గిరాకీని కాదంటనా?"

పావుగంటలో కొత్త చైన్‌వీల్ ఎక్కింది. సాయంత్రం సవిత సంఘం గ్రూపులో ఫొటో కింద రాసింది: "దొంగ దొరికిండు. మా ఇంట్లనే ఉంచుకుంటున్నం."