తడి తెలియని అభ్యర్థి

ఒక పెద్ద అడవిలో అనగానే మీరు సింహం కోసం వెతుకుతారు. మా అడవిలో సింహం ఎప్పుడో పోయింది. ఇప్పుడు మాది పంచాయతీ అడవి. ఓట్లు వేసి ప్రెసిడెంటును గెలిపించుకుంటాం, మళ్లీ ఎన్నికలు వచ్చేదాకా అతన్ని తిట్టుకుంటాం.

ఈ కథ చెబుతున్న నేను గేదెను. పేరు ఎలీషా. మా గేదెల సంఘానికి పెద్దను. ఆ పెద్దరికం తెలివి చూసి ఇచ్చింది కాదు, కొమ్ముల పొడుగు చూసి ఇచ్చింది. మా సంఘంలో పద్ధతి అంతే.

మా అడవి మధ్యలో ఒక ఏరుంది. దానికి ఒకటే రేవు, మిగతాదంతా రాళ్లూ ముళ్లూ. మబ్బులకు ఒక యజమాని ఉన్నాడనీ, ఏరు ఆయన ఇచ్చిందేననీ, రోజూ పొద్దున్నే ఆయన పేరు తలుచుకుని ఒళ్లు తడుపుకోవాలనీ భక్తులమంతా నమ్ముతాం. ఇంతవరకూ మాలో తేడా లేదు. ఎలా తడవాలన్న దగ్గరే తేడా వస్తుంది.

మేం గేదెలం నిండా మునుగుతాం. కొమ్ముల కొసలు పైకి కనబడితే ఆ మునక చెల్లదు, మళ్లీ మునగాలి. కొంగలు ముక్కుతో మూడు చుక్కలు తీసి నెత్తిన చల్లుకుని అయిపోయిందంటాయి. తాబేళ్లు సొంతంగా తడవవు, తమ పెద్ద చేత డిప్ప మీద పోయించుకుంటాయి. ఆ పెద్దకు పోసింది అంతకుముందు పెద్ద, ఆయనకు పోసింది ఆ ముందు పెద్ద, అలా వెనక్కి వెళితే మొట్టమొదటి తాబేలుకు యజమానే స్వయంగా పోశాడట. కప్పల సంగతి వేరు. గొంతెత్తి అరవనివాడు ఎంత తడిసినా పొడివాడేనని వాళ్ల బోధ.

చచ్చాక పచ్చిక గట్టుకు చేరేది తమ సంఘం ఒక్కటేననీ, మిగతావాళ్లంతా ముళ్ల వైపు కొట్టుకుపోతారనీ నాలుగు సంఘాలూ పిల్లలకు చెప్పుకునేవి. అయినా తెల్లారితే అందరం ఒకే రేవులో దిగేవాళ్లం.

నా వీపు మీద కృపావరం అనే కొంగ ఉండేవాడు. నా ఒంటి మీద పురుగులు ఏరుకుంటూ, నా సిద్ధాంతంలో తప్పులు ఏరుతూ కాలం గడిపేవాడు.

"నిండా మునిగినవాడే భక్తుడైతే చేపలు నీకంటే పెద్ద భక్తులు కదా, ఎలీషన్నా" అనేవాడు.

"మూడు చుక్కలే చాలనుకుంటే ఆయన దొప్పెడు నీళ్లిచ్చి ఊరుకునేవాడు, ఇంత ఏరు ఎందుకిచ్చాడంటావ్?" అనేవాణ్ణి నేను.

ఏ పొద్దూ ఎవరం ఓడలేదు. వాడితో వాదన లేనిదే నాకు మేత సహించేది కాదు. ఇంత మంచివాడు చచ్చాక ముళ్ల వైపు పోతాడే అని నాకు నిజంగా బెంగగా ఉండేది. వాడికీ నా గురించి అదే బెంగ. ఒకసారి నాకు జ్వరమొస్తే, చచ్చేలోగానైనా మూడు చుక్కలు చల్లించుకొమ్మని బతిమాలాడు. నేను చల్లించుకోలేదు.

ఇలా ఉండగా ఎన్నికలొచ్చాయి. కోతుల నాయకుడు నిలబడ్డాడు. తాను గెలిస్తే రేవులో ఇసుక అందరిదీ అని తీర్మానం చేస్తానన్నాడు. ఇప్పపూలు రాలే రోజుల్లో, పులిసిన పూలు తిని కైపెక్కినవాళ్లు సాయంత్రాలు అక్కడ చిందులు వేసుకోవచ్చట. మా గుండెల్లో రాయి పడింది. పొద్దున మేం యజమానిని తలుచుకునే ఇసుకలో సాయంత్రం తోకలు ఊపుకుంటూ గంతులా?

నాలుగు సంఘాల పెద్దలం మొదటిసారి ఒకచోట కూడాం. తాబేళ్ల తరఫున రాయప్పగారు, కప్పల తరఫున దీవెనమ్మ, కొంగల తరఫున కృపావరం, గేదెల తరఫున నేను. సభ ప్రార్థనతో మొదలుపెడదామన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కళ్లు మూసుకోవాలా తెరవాలా, మోకరించాలా నిలబడాలా, ఎవరు చేయాలి, ఎంత గట్టిగా చేయాలి అన్నది తేలేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చివరికి ఎవరి మనసులో వాళ్లు చేసుకోవాలని తీర్మానించాం. దీవెనమ్మ మనసులో చేసుకున్నది అవతలి గట్టుదాకా వినిపించింది.

ఆ అనుభవంతో రాయప్పగారు ఒక నియమం పెట్టారు. ఎలా తడవాలి అన్న మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. ఎవరైనా అడిగితే, మాలో తేడాలేమీ లేవు, మాకు కావలసింది నీటి విలువలు అని చెప్పాలి. నీటి విలువలంటే ఏమిటో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. అడిగితే సాయంత్రం అయ్యేది. అలా నీటి విలువల ఐక్య వేదిక పుట్టింది.

ఇక అభ్యర్థి కావాలి. నేను నిలబడతానంటే, గేదె గెలిస్తే అడవి మొత్తాన్ని పట్టుకుని ముంచేస్తుందని కొంగలు భయపడ్డాయి. కొంగ గెలిస్తే భక్తి మూడు చుక్కలకు దిగజారిపోతుందని మేం భయపడ్డాం. తాబేలు నిలబడితే నామినేషన్ వేళకు చేరదని కప్పలన్నాయి. కప్ప పేరు ఎత్తగానే మిగతా ముగ్గురమూ చెవులు మూసుకున్నాం. తన పద్ధతిలో తడిసే ప్రతివాడూ మిగతా ముగ్గురికీ పనికిరాకుండా పోయాడు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. అసలు ఒళ్లే తడుపుకోనివాడైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా.

కోతులను పక్కనపెడితే నాకు అలాంటివాడు ఒక్కడే తోచాడు, ఎలుగుబంటి భూపతి. పుట్టి బుద్ధెరిగాక అతని ఒంటి మీద చుక్క పడలేదు. వానొస్తే గుహలో దూరేవాడు. మేం వెళ్లేసరికి గుహంతా ఇప్పపూల వాసన. గుమ్మం ముందు నమిలి ఊసిన పూల పిప్పి కుప్పగా పడుంది. భూపతి ఆవలిస్తూ బయటికొచ్చి, తనకు నీళ్లంటే పడదు గానీ నీళ్లలో దిగేవాళ్లంటే ఎంతో గౌరవమని చెప్పాడు. కోతుల సంగతి తను చూసుకుంటానన్నాడు.

తిరుగుదారిలో రాయప్పగారు, పెద్ద శరీరాలకు ఇప్పపువ్వు మందుగా పనిచేస్తుందని తను విన్నానన్నారు. యజమాని పొడివాళ్ల చేత కూడా పని చేయించుకుంటాడని దీవెనమ్మకు అప్పటికప్పుడు బయలుపడింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? "ఆయన మనవాడు కాకపోయినా మనవైపువాడు" అన్నాను. ఆ మాట అందరికీ ఎంత నచ్చిందంటే, ప్రచారమంతా దాంతోనే నడిచింది.

కృపావరం ఒక్కడే నసిగాడు. ఆ సాయంత్రం నా వీపు మీద వాలి, "అన్నా, ఒంటి మీద చుక్క పడనివాడికి రేవు ఉంటేనేం, లేకపోతేనేం? వాడెందుకు కాపాడతాడు?" అని అడిగాడు.

"చుక్కల మాట ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాం" అన్నాను.

"సరే అన్నా. వందనాలు" అన్నాడు.

ఆ తర్వాత రోజూ వందనాలే. నేను వందనాలు అంటే వాడూ వందనాలు అనేవాడు. ఎండ బాగుందనేవాడు, బాగుందనేవాణ్ణి. మా మధ్య అంత మర్యాద ఎప్పుడూ లేదు. మర్యాద పెరిగేకొద్దీ వాడు రావడం తగ్గించాడు. ఒకరోజు అసలు రాలేదు. వీపంతా జోరీగలు ముసిరాయి. ఐక్యత కోసం ఆ మాత్రం ఓర్చుకోవాలని మా సంఘంలో చెప్పాను, తోకతో బాదుకుంటూనే.

భూపతి గెలిచాడు. ఏం ఊరేగింపు చేశాం! కప్పల పాటలు, తాబేళ్ల నడక, మా గిట్టల మోత. కోతుల చిందులు రద్దయ్యాయి. అడవిలో ఇప్పచెట్లన్నీ జప్తు చేశారు, పూలు భద్రపరచడానికి ప్రెసిడెంటు గుహకు చేరవేశారు. మరీ పూర్తిగా చేరవేశారనిపించింది గానీ, గెలిచిన మొదట్లో ఎవరు అడుగుతారు?

తర్వాత మేం అడిగిన చట్టం వచ్చింది. దాన్ని మేమే రాసిచ్చాం. 'రేవు పవిత్రం. సరైన పద్ధతిలో తప్ప ఎవరూ నీళ్లలో దిగరాదు.' సరైన పద్ధతి అని రాసేటప్పుడు నలుగురమూ మనసులో చిన్నగా నవ్వుకున్నాం. అది ఎవరి పద్ధతో ఎవరికి వాళ్లకు తెలుసు.

మర్నాడు పొద్దున రేవుకు వెళితే రేచుకుక్కల కాపలా ఉంది. వాటి నాయకుడు మర్యాదగానే అడిగాడు.

"సరైన పద్ధతి ఏది?"

అవతల చెట్ల మీద కోతులన్నీ కూర్చుని చూస్తున్నాయి. వాళ్ల ముందు మా చీలిక బయటపడితే పరువు పోతుంది. రాయప్పగారు గొంతు సవరించుకుని, మాలో తేడాలేమీ లేవన్నారు.

"సంతోషం. మరి ఏది?" అన్నాడు ఆ నాయకుడు.

నీటి విలువలు అన్నాను నేను. అది దిగే పద్ధతా అని అడిగాడు. మాలో తేడాలేమీ లేవని రాయప్పగారు మళ్లీ మొదలుపెట్టారు. కబురు భూపతికి వెళ్లింది. సరైన పద్ధతి ఏదో చెప్పేదాకా రేవు మూసెయ్యమని గుహలోంచి ఆజ్ఞ వచ్చింది. తాగడానికి మనిషికింత అన్నట్టు ప్రాణికి దొప్పెడు నీళ్లు ఒడ్డునే పోస్తారు. ఒళ్లు మాత్రం తడపకూడదు.

ఎండలు ముదిరాయి. కోతులకేం, వాళ్లు ఎప్పుడూ ఆ నీళ్లలో దిగలేదు. చావంతా భక్తులకే వచ్చింది. కప్పల గొంతులు పూడిపోయాయి. తాబేళ్ల డిప్పలు పెంకుల్లా కాలాయి. గేదెకు నీళ్లలో పడుకోకపోతే ఒంట్లో వేడి దిగదు. మా వాళ్ల చర్మాలు బీటలు వారాయి. అప్పుడు కూడా వేదిక సమావేశాలు పెట్టుకుని, మన ఐక్యత చెక్కుచెదరలేదని ఒకరినొకరు అభినందించుకున్నాం.

ఒక మధ్యాహ్నం సమావేశం నుంచి వస్తూ నేను దారిలో కూలబడ్డాను. లేవబోతే కాళ్లు లేవలేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. మునక లేకుండా పోతున్నానే అని ఏడుపొచ్చింది. పచ్చిక గట్టు నాకు లేనట్టే అనుకున్నాను.

నెత్తి మీద చల్లగా ఏదో పడింది. మళ్లీ పడింది. కళ్లు తెరిస్తే కృపావరం. తన వంతు దొప్పెడు నీళ్లలోంచి ముక్కుతో తెచ్చి నా తల మీద చల్లుతున్నాడు. మళ్లీ ఎగిరి వెళ్లాడు, మళ్లీ తెచ్చాడు. ఎన్నిసార్లో నాకు తెలియదు. వాడు తాగలేదని మాత్రం తెలుసు, ముక్కు తెరుచుకుని రొప్పుతున్నాడు.

కాసేపటికి నాకు మాట వచ్చింది. "ఇది లెక్కలోకి రాదు" అన్నాను.

కృపావరం ఆగిపోయాడు. నా ముఖంలోకి చూశాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"హమ్మయ్య, బతికావన్నా" అన్నాడు. ఆ వెంటనే, "ఎందుకు రాదు? ఇప్పుడు నిన్ను లేపింది మునకా?" అని నిలదీశాడు.

"లేపినంత మాత్రాన చెల్లినట్టా?"

"చెల్లకపోతే ఎలా లేచావు?"

నిజంగానే లేచి నిలబడ్డాను. వాడు వీపెక్కాడు. వాదించుకుంటూ నడుస్తున్నాం. నాకు అంత హాయి చాలా కాలానికి కలిగింది. వేదిక నియమం ఇద్దరికీ గుర్తు రాలేదు. వాదన ఎటు లాక్కుపోతే అటు నడిచాను, అది రేవు దగ్గర తేలింది.

రేచుకుక్క అడ్డం వచ్చి అలవాటుగా అదే ప్రశ్న వేసింది. సరైన పద్ధతి ఏది?

"మాది" అన్నాను. "వీడిది పూర్తిగా తప్పు."

"మాది" అన్నాడు కృపావరం. "ఈయనది తప్పు, పైగా బురద."

మొదటిసారి జవాబు వచ్చేసరికి రేచుకుక్క తడబడింది. ఇద్దరిలో ఎవరిది సరైనదో రుజువు చేయమంది. గట్టు మీద నిలబడి మునగడం ఎలా చూపించను? నీళ్లలోకి దిగితేనే రుజువు అన్నాను. ఇది చట్టంలో లేదే అని ఒక కుక్క గుహకు పరిగెత్తింది. భూపతి పూల మత్తులో అటు తిరిగి పడుకుని, "చూపించమనండి. విచారించి తేల్చండి. నన్ను లేపకండి" అన్నాడట.

దిగాను. కొమ్ముల కొసలు కూడా కనబడకుండా మునిగాను. ఆ చల్లదనం గురించి చెబుతూ కూర్చుంటే కథ అయిపోదు. నేను తేలేసరికి కృపావరం చుక్కలు చల్లుకుని, నా కొమ్ము ఒకటి కనబడిందని ఫిర్యాదు చేస్తున్నాడు.

కేకలకు మిగతావాళ్లు వచ్చిపడ్డారు. మమ్మల్ని నీళ్లలో చూసి రాయప్పగారికి ఒళ్లు మండింది. ఐక్యత ఏమైపోయిందని అడుగుతారనుకున్నాను. "ఇద్దరిదీ తప్పే. సాక్ష్యం నేను చెబుతాను" అని ఆయన తన జన్మలో ఎన్నడూ నడవనంత వేగంగా నడిచి నీళ్లలోకి దిగారు. దీవెనమ్మ ఒక్క గెంతు గెంతి, ముగ్గురమూ పొడివాళ్లమేనని మెడ దాకా నీళ్లలో ఉన్న నా చెవిలో అరిచింది. వెనకాలే నాలుగు సంఘాలూ తమ తమ పెద్దల తరఫున సాక్షులుగా దిగాయి. కోతులు చెట్ల మీద పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాయి. పరువు పోతే ఇంత చల్లగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

విచారణ ఇంకా నడుస్తోంది. ఆజ్ఞ ప్రకారం తేలేదాకా మమ్మల్ని వెళ్లగొట్టడానికి లేదు. పొద్దున్నే అందరం వచ్చి వాదనలు వినిపిస్తాం, తడిసిన ఒళ్లతో ఇళ్లకు వెళతాం. రేచుకుక్క కూడా వినీ వినీ, మొన్న ఒక కాలు నీళ్లలో పెట్టింది. దాని మీద మళ్లీ నాలుగు అభిప్రాయాలు వచ్చాయి.

కృపావరం ఇప్పుడూ నా వీపు మీదే ఉన్నాడు. వాడు ముళ్ల వైపే పోతాడని నా గట్టి నమ్మకం. అందుకే, పచ్చిక గట్టుదాకా నేనే మోసుకెళ్లి, వాడి తరఫున యజమానితో ఒక మాట చెబుదామనుకుంటున్నాను. ఈ మాట వాడికి చెబితే, దారి తెలిసినవాడు తనే కాబట్టి ముందు కూర్చుని తోలుతానన్నాడు.

నీతి: దేవుడి విషయంలో అందరికీ ఏకాభిప్రాయం కుదిరిందని ఎవరైనా ప్రకటిస్తే, ముందు వెళ్లి రేవు తెరిచి ఉందో లేదో చూసుకోండి.