ఒంటి గీత

మధ్యాహ్నం డైరెక్టరు వస్తాడు. ఆలోగా ఆఫీసులో అందరికీ జ్వర పరీక్ష చేయించి, తన దగ్గర రోగమన్నదే లేదని చూపించి ప్రమోషను కొట్టెయ్యాలన్నది మేనేజరు గారి పథకం. ఆ జ్వరం రాకుండా టీకా వేయించుకుని నొప్పికి సెలవడిగిన గుమాస్తాలకు, "అందరికంటే ముందు నేను వేయించుకుని ఆ పూటే పనికి రాలేదూ?" అని గడ్డి పెట్టిన ఘనుడాయన.

పరీక్ష కిట్లు మందుల షాపున్న బావమరిది ఇచ్చాడు. "ఒంట్లో క్రిమి ఉందో లేదో చెప్పేది కావాలిరా" అంటే, "అన్నీ ఒకటే బావా, ఇది చవక" అన్నాడు. చవక అన్నాక మేనేజరు గారి చెవులు పనిచెయ్యవు. డబ్బా మీద రాసింది చదవడమంటే ఆయనకు నామోషీ.

అందరూ వేళ్లు గుచ్చుకుని తలో చుక్క రక్తం వేశారు. తన వంతు వచ్చినప్పుడు మేనేజరు గారు మొహం గోడవైపు తిప్పుకుని క్యాషియరమ్మ చెయ్యి నలిపేశారు. కాసేపాగి చూస్తే అందరి కిట్ల మీదా రెండేసి గీతలు. ఆయనదాని మీద ఒక్కటే.

"కొంప ముంచారు కదయ్యా! అందరికీ రోగమే! వరండాలోకి నడవండి!"

"మాకు తుమ్ము కూడా రాలేదండీ," అంది క్యాషియరమ్మ.

"దొంగ రోగం అలాగే ఉంటుంది. దూరం, దూరం!"

లోపల గడియ పెట్టుకుని డైరెక్టరుకు ఫోన్ చేసి, "నేనొక్కణ్నే మిగిలానండి. ప్రాణాలకు తెగించి ఆఫీసు కాపాడుతున్నాను" అన్నారు. డైరెక్టరు హడలిపోయి, డాక్టరమ్మను కారులో ఎక్కించుకుని అప్పుడే దిగాడు.

మేనేజరు గారు గడియ తీసి, కిట్లూ డబ్బా వరండాలోకి తెచ్చారు. డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసింది. "ఇది క్రిమిని పట్టే యాంటిజెన్ పరీక్ష కాదండీ, యాంటీబాడీ పరీక్ష. జ్వరం వచ్చి తగ్గినా, టీకా వేయించుకున్నా ఒంట్లో తయారయ్యే రక్షణను చూపిస్తుంది. రెండు గీతలంటే వీళ్లకి టీకా బాగా పట్టినట్టే. ఇంతకీ ఈ ఒక్క గీత ఎవరిది?"

వరండా అంతా మేనేజరు గారి వైపు తిరిగింది.

"కొంతమందికి టీకా పట్టదటగా!" అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

"అరుదుగా పట్టదు. దానికేముంది, నా సంచిలో ఉంది, ఇప్పుడే ఇంకోటి వేసేస్తాను. చొక్కా చెయ్యి పైకి మడవండి."

సూది బయటికి తీసిందో లేదో, మేనేజరు గారు డైరెక్టరు వెనక నక్కారు. "వద్దమ్మా, నీకు పుణ్యముంటుంది! సూదంటే నాకు ప్రాణభయం. అప్పుడూ అందుకే ఎగ్గొట్టాను!"

గుమాస్తాలు నవ్వలేదు. ఆ టీకా నొప్పితో పనిచేసిన రోజులు వాళ్లింకా మరిచిపోలేదు. డైరెక్టరు వాళ్లందరినీ లోపలికి పిలిచి, మేనేజరు గారికి వరండా చూపించాడు.

సాయంత్రానికి మేనేజరు కుర్చీలో క్యాషియరమ్మ కూర్చుంది. మంచి మనిషి, వరండాలోకి ఒక స్టూలు పంపించింది.