ఉరకకముందే కట్టిన ఫ్లెక్సీ

నాకు అన్నిటికన్న ఎక్కువ భయం ఏందంటే, నా బిడ్డ బాగా ఉరుకుతది. నాలుగేండ్ల పిల్ల. కోడిపిల్ల వెంట పడితే కోడిపిల్లే అలిసిపోతది. గిది ఎవరన్న చూస్తే ఇగ అంతే సంగతి!

మా చెల్లె గ్లోరీ గూడ గట్లనే ఉరికేది. బడిల సార్లు చూసిండ్రు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌ల స్పోర్ట్స్ హాస్టల్‌ల ఉంటది, ఎనిమిది వందల మీటర్లు ఉరుకుతది.

నేను తొమ్మిదిలనే బడి బంద్ చేసినదాన్ని. గుడ్లు, పాలు, నిద్ర ఉంటేనే ఉరుకుతరని అనుకున్న. ఎంత అమాయకురాలిని! ఆటగాళ్లకు టెన్షన్‌ను మించిన తిండి లేదు. గ్యాస్ ఖర్చు లేదు, గిన్నెలు తోమే పని లేదు. ఇంటిల్లిపాది కూసోని వండొచ్చు!

మా మేనమామ ఐలేశం ఎట్ల వండిండో చూడుండ్రి. స్టేట్ మీట్ పందెం వచ్చే నెల. దేవరకొండ బస్టాండ్ ముంగట ఫ్లెక్సీ మాత్రం అప్పుడే కట్టిండు: ‘బంగారు పతకం సాధించిన గ్లోరీకి అభినందనలు’.

“ఇంకా ఉరకనే లేదు గద మామా!” అన్న.

“ముందుగాల కడితేనే పిల్లకు రోషం వస్తది. మల్ల గీ జాగా దొరుకుతదా నీకు?” అన్నడు.

ఫ్లెక్సీల మామ నిలువెత్తున ఉన్నడు. గ్లోరీ ఆధార్ కార్డుల ఫొటో అంత ఉన్నది. ఉరికేది ఎవరో మీరే చెప్పాలె!

దాన్ని ఫొటో తీసి గ్లోరీకే వాట్సాప్ చేసిండు. ఇగ మా నాయిన పొద్దుగాల ఫోన్ చేసి తన డోసు తను వేస్తడు: “బోరు ఎండింది బిడ్డా. నీకు స్పోర్ట్స్ కోటాల నౌకరి వస్తేనే మన బతుకు. నువ్వైతే ఏం ఫికర్ చెయ్యకు.” అది గెలిచినంక చర్చిల నిలబడి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పుడు ఎవరి వంతో గూడ తేలిపోయింది.

మందు మస్తు పనిచేసింది! గ్లోరీ తిన్నదంతా కక్కుతాంది. ఒళ్లు తేలికైతది గద! నిద్ర పడతలేదు. ప్రాక్టీస్‌కు లేపే పని తప్పింది! నెలసరి ఆగిందట, గా ఖర్చు గూడ మిగిలింది! అదే ట్రాక్‌కు ముందటికన్న ఎక్కువ సేపు పడుతాంది. ఉరుకుడంటే ఎంత ఇష్టమో! కాలు గుంజుతుందంటే కోచ్ సారు “నాటకాలు” అన్నడు. నాటకాలకు గూడ కోటా ఉంటదేమో, అడగాలె.

మొన్న ఫోన్‌ల ఒక్కటే అడిగింది: “అక్కా, నేను ఓడిపోతే ఆ ఫ్లెక్సీ ఎవరు విప్పుతరు?”

గప్పటి సంది ఫోన్ బంద్. “చూసినవా, ఎంత కాన్సన్‌ట్రేషనో!” అని మామ ఖుషి. హాస్టల్‌కు చేస్తే “ప్రాక్టీస్‌ల ఉన్నది” అని పెట్టేస్తరు. నా బిడ్డ జ్వరంతోని నా ఒళ్లె ఉన్నది, బస్సెక్కలేకపోతున్న.

మహబూబ్‌నగర్‌ల ఉన్నోళ్లు ఎవరన్న జర హాస్టల్ దిక్కు పోయి మా గ్లోరీని చూసి రాండ్రి. పతకం ముచ్చట తియ్యకుండ్రి. తిన్నవా అని అడుగుండ్రి. ఫ్లెక్సీ ఇప్పుడు మా బర్రెల కొట్టం మీద ఉన్నది, మామ మొఖం మీద వాన పడుతాంది. ఎవరు విప్పిండ్రు అని అడిగితే, మీ అక్క విప్పింది అని చెప్పుండ్రి.