గుండె గడియారం కట్టుకున్న గుర్రం

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదరకముందు, ఏడాదికోసారి జాడ పందెం పెట్టేవాళ్ళు. గుర్రం మీద ఒకళ్ళు కూర్చోవాలి. మోదుగాకు మీద గీసిన పటం చేతికిస్తారు. అడవిలో ఆరు చోట్ల ఎర్రజెండాలు దాచి ఉంటాయి. పటం చూసుకుంటా అన్నీ కనిపెట్టి, ఎవరు ముందొస్తే వాళ్ళు గెలిచినట్టు. గెలిచిన గుర్రానికి ఆ వేసవంతా వాగొడ్డు పచ్చిక రాసిచ్చేస్తారు. మిగతావాటికి ఎండుగడ్డే గతి.

చుక్కమ్మ అనే ఆడగుర్రానికి ఆ ఏడు ఎలాగైనా గెలవాలని ఉంది. నెల కిందటే పిల్ల పుట్టింది దానికి. ఎండుగడ్డి తింటే పాలెక్కడ పడతాయి? పిల్ల ఎంతసేపు చప్పరించినా కడుపు నిండట్లేదు. చుక్కమ్మ ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. నోట్లో నాలుక లేని రకం.

పోయినేడు గెలిచింది సర్దారు అనే మగగుర్రం. దాని మీదెక్కిన కోతి దగ్గర, అడవి చూడ్డానికొచ్చిన మనుషులు పారేసుకున్న సెల్‌ఫోనుంది. అది దారంతా "కుడికి తిరుగు, ఎడమకి తిరుగు" అని అరుస్తానే ఉంది. అడవి మొత్తం వింది.

"పచ్చిక ఆ ఫోనుకే పెట్టండి, అదే మేస్తది" అని దున్నపోతులు గొడవ చేశాయి.

దాంతో ప్రెసిడెంటు ఏనుగు మీటింగు పెట్టింది. రూల్సు రాసే పని సెక్రటరీ నక్కది. ఆ నక్క రోజూ సర్దారు వీపు మీద ఎక్కే ఆఫీసుకొస్తది. కాలు కింద పెట్టి ఎన్నాళ్ళయిందో దానికే గుర్తులేదు. సర్దారు పచ్చిక తిని బలంగా ఉంటేనే దాని సవారీ.

నక్క గొంతు సవరించుకుని చదివింది. "ఒకటో రూలు. ఫోనులు, బొమ్మ పెట్టెలు, దారి చెప్పే ఏ వస్తువైనా సరే, పందేనికి ముందు ఆకు పొట్లంలో పెట్టి లక్క ముద్ర వెయ్యాలి. ముద్ర చిట్లితే పందెం నుంచి అవుటు."

"బాగుంది, బాగుంది" అన్నాయి దున్నపోతులు.

"రెండో రూలు. గుర్రం గుండె చప్పుడు లెక్కపెట్టే గడియారం కట్టుకోవచ్చు. అది ఆరోగ్యం కోసం."

సర్దారు ముందుకాలికి అప్పటికే ఒక గడియారం తళతళలాడతా ఉంది. అందులో గుండె బొమ్మ పక్కనే, దారి చూపించే బాణం కూడా ఉంది. ఆ సంగతి నక్కకి తెలుసు, కోతికి తెలుసు. ఏనుక్కి కళ్ళు మసక.

"గుండె లెక్కపెట్టి ఏం చేస్తదయ్యా?" అనడిగింది ఏనుగు.

"అది మొత్తుకుంటే గుర్రం అలిసిపోయినట్టు పెద్దయ్యగారూ. వెంటనే ఆగిపోవాలి. మూగజీవాల మీద దయ ఉండాలి కదండీ."

"మంచి మాట. అది కూడా రాసెయ్యి. మొత్తుకుంటే ఆగాలి, చప్పుడు నెమ్మదించేదాకా అడుగెయ్యకూడదు."

నక్క రాసేసింది. సొంత దయకి దానికే కళ్ళు చెమర్చాయి.

పందెం రోజు పొద్దున్నే చుక్కమ్మ, దాని మీద ఉడుత బుడంకాయి, లైన్లో నిలబడ్డారు.

"మీ పొట్లమేది?" అంది నక్క.

"మా దగ్గర ఏ వస్తువూ లేదండీ" అంది చుక్కమ్మ.

"లేకపోతే ఎలా? రూలు ప్రకారం ముద్ర వేసిన పొట్లం చూపించాలి."

"వస్తువే లేనప్పుడు ముద్ర దేనికెయ్యాలండీ?"

"అదే నేనూ అడుగుతున్నా, దేనికెయ్యాలి? పోయి తెచ్చుకో. పొట్లం లేంది పేరు రాయను."

చుక్కమ్మకి వాగొడ్డు పచ్చిక, పిల్ల మూతి, రెండూ కళ్ళముందు కదిలాయి.

"అక్కా, నువ్వుండు" అని బుడంకాయి చెత్తకుప్ప మీదికి దూకాడు. మనుషులు వంట చేసుకుని పోయిన చోటది. ఇస్తరాకులు, ఇరిగిన గరిటె అన్నీ ఎగజిమ్మి, చివరికి టీవీ రిమోటొకటి లాక్కొచ్చాడు. బటన్లు సగం లేవు.

నక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది చాలా ప్రమాదమైన వస్తువు. ఇంతసేపూ దాచిపెట్టారా?" అని పొట్లం కట్టి, ఒకటికి రెండు ముద్రలేసింది.

కొమ్ము ఊదారు. సర్దారు బాణంలా దూసుకుపోయింది. బుడంకాయి పటం తిరగేసి పట్టుకున్నాడు.

"ఒరే, వాగు ఆకాశంలో పారతందేంట్రా?" అంది చుక్కమ్మ.

"అయ్యో అక్కా, అందుకేనా కొండ కిందకుంది!"

పటం సరిచేసుకుని, పొద్దు ఏ పక్కనుందో చూసుకుంటా కదిలారు. పరిగెత్తితే దారి తప్పుతాం అని చుక్కమ్మ నడకే నడిచింది. ఒక్కో జెండా దొరికినప్పుడల్లా బుడంకాయి తోకతో దాని మెడ నిమిరాడు. ఆరోది తీసుకునేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

ఆఖరి మిట్ట కిందికి చేరి తలెత్తి చూస్తే, సర్దారు సగం ఎక్కేసి ఉంది. బాణం చూపించిన పక్కకల్లా గుట్టలూ గోతులూ దూకి దూకి నురగ కక్కుతా ఉంది. కోతి మెళ్ళో ఆరు జెండాలూ ఊగుతున్నాయి. పైన గెలుపు గీత దగ్గర జనం.

అప్పుడు మొదలైంది. కీ... కీ... కీ...

గడియారం మొత్తుకుంటంది.

"ఆగు!" అంది ఏనుగు పైనుంచి. "గుర్రం అలిసిపోయింది."

"ఏం అలవలేదు!" అరిచింది సర్దారు. కోపానికి గుండె ఇంకా కొట్టుకుంది. గడియారం ఇంకా గట్టిగా మొత్తుకుంది.

"పెద్దయ్యగారూ, నాలుగడుగులే కదండీ, పోనివ్వండి" అని నక్క చేతులు పిసుక్కుంది.

"మూగజీవాల మీద దయ ఉండాలన్నది నువ్వే కదయ్యా?"

"గడియారం విప్పేస్తాను!" అంది కోతి.

"కట్టుకుంటేనే అది గుండె గడియారం. విప్పితే అదీ ఒక వస్తువే, పొట్లంలో ముద్రేసుండాలి. ముద్రలెయ్యటం పొద్దున్నే అయిపోయింది" అంది ఏనుగు. కళ్ళు మసకే గానీ జ్ఞాపకం మసక కాదు.

"ప్రశాంతంగా ఉండరా సర్దారూ! మంచి మంచి విషయాలు తలుచుకోరా వెధవా!" అని నక్క గొంతు చించుకుంది. "పచ్చిక గురించి మాత్రం తలుచుకోకు!"

సర్దారు పచ్చికనే తలుచుకుంది. కీ కీ కీ.

ఆ సన్నదారిలోనే వెనకనుంచి చుక్కమ్మ నడుచుకుంటా వచ్చింది. "కొంచెం తప్పుకుంటావా అన్నా" అని మెల్లగా అడిగింది. సర్దారు అడుగెయ్యకూడదు కాబట్టి తప్పుకోలేదు. చుక్కమ్మే పక్కనున్న ముళ్ళలోంచి ఒంటిని ఈడ్చుకుంటా చుట్టు తిరిగి, మిట్టెక్కి గీత దాటింది.

ఆ సాయంత్రమే పిల్లని వెంటబెట్టుకుని వాగొడ్డుకి పోయింది. ఒళ్ళంతా ముళ్ళ గీతలు. మోకాల్లోతు పచ్చికలో తలదించి తింటా ఉంటే, పిల్ల కడుపు కింద దూరి పాలు తాగింది.

సర్దారు మిట్ట మీద ఎప్పటిదాకా నిలబడిందో ఎవరూ చూళ్ళేదు. నక్క మాత్రం ఇంటికి నడిచే పోయింది.

నీతి: రూలులో దొంగసందు పెట్టేవాళ్ళు, అందులో తమ గుర్రం దూరుతుందో లేదో ముందు కొలుచుకోవాలి.