అక్క హస్తవాసి

ఆ పొద్దున చెల్లెలు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా చంటివాడి నోరు మోగకూడదు, అక్క గది తలుపు తెరుచుకోకూడదు.

అక్క పరిశోధకురాలు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే కట్టు తెంపుకున్న కుక్కల్లా ఊపిరితిత్తుల మీద పడి ఉబ్బసం ఎలా తెస్తాయో ఎలుకల్లో చూసి, వ్యాసాలు రాసి, పెద్ద పెద్ద పత్రికల్లో అచ్చు వేయించుకుంటుంది. ఈసారి పంపిన వ్యాసం గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. ఎలుకల సంగతి సరే, దగ్గుతో బాధపడే మనుషుల రక్తంలోనూ ఇది చూపించగలరో లేదో సాయంత్రంలోగా చెప్పండి అన్నారు పత్రికవాళ్ళు. ఆసుపత్రి అనుమతి ఎప్పుడో వచ్చింది. రక్తం ఇవ్వడానికి రానిది మనుషులే. వ్యాసం పడకపోతే ఉద్యోగం పొడిగించరు. తన ఇంటికి రంగులు వేస్తున్నారని, ప్రశాంతంగా జవాబు రాసుకోవడానికి చెల్లెలింటికి వచ్చింది. చంటిపిల్లాడున్న ఇంట్లో ప్రశాంతత వెతకడమే ఆవిడ చేసిన మొదటి తప్పు.

టిఫిన్లు అయ్యాయో లేదో, చంటివాడు ఖళ్ళుమన్నాడు. ఒక్కసారే. పథకం వేసుకున్న తల్లే దాన్ని మరిచిపోయింది. వాణ్ణి భుజాన వేసుకుని తలుపు తోసేసింది.

"అక్కా, వీడు దగ్గాడే!"

"పొలమారి ఉంటుంది. పోవే."

"దగ్గు మీద అన్నన్ని రాశావు, ఒక్కసారి చూడొచ్చుగా?"

"వాడికి తోక మొలిస్తే తీసుకురా, చూస్తాను."

తల్లి మూతి ముడుచుకుని వరండాలోకి వచ్చింది. అక్కడ పక్కింటి పిన్నిగారు బట్టలు ఆరేస్తున్నారు.

"ఏమ్మా, మొహం అలా వేలాడేశావు?"

"బాబు దగ్గాడు పిన్నిగారూ. అయినా భయం లేదులెండి, మా అక్క ఇంట్లోనే ఉంది. దగ్గు గురించి ఆవిడ రాయని సంగతి లేదు. దేశదేశాలవాళ్ళు చదువుతారు."

ధైర్యం తనకు తాను చెప్పుకుంది. విన్నది మాత్రం పిన్నిగారు.

కాసేపటికి పిన్నిగారు భర్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. వెనకాలే పై అంతస్తు టైలరు, అతని వెనక అతని అత్తగారు, ఆవిడ వెనక ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. వరస కనిపిస్తే నిలబడ్డానన్నాడు. హాలు నిండిపోయింది. ఒకరు దగ్గితే పక్కవాళ్ళకు తమ దగ్గు గుర్తొస్తోంది. చంటివాడు ఇదేదో కొత్త ఆట అనుకుని చప్పట్లు కొడుతున్నాడు. వాడు మాత్రం మళ్ళీ దగ్గితే ఒట్టు.

"మెల్లగా దగ్గండి, లోపల అక్క రాసుకుంటోంది" అని బతిమాలింది చెల్లెలు.

"దగ్గులో మెల్లగా ఏముంటుందమ్మా? నాది పదేళ్ళ నాటిది" అన్నారు పక్కింటి బాబాయిగారు.

"పదేళ్ళేనా? మా అత్తగారిది నా పెళ్ళినాటిది!" అన్నాడు టైలరు గర్వంగా.

తలుపు తెరుచుకుంది. అక్క కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"నేను మందులిచ్చే డాక్టర్ని కాదండీ. నేను చూసేది ఎలుకల్ని."

"ఎలుకలకు తగ్గిందా?" అన్నారు బాబాయిగారు.

"తగ్గింది."

"మరి మేమేం పాపం చేశాం?"

అక్క హాలంతా ఒకసారి కలయజూసింది. చెల్లెలికీ అప్పుడే వెలిగింది. "అక్కా, మనుషులే!" అని చెవిలో గొణిగింది. నెలల తరబడి ఆసుపత్రి గోడలకు కాగితాలు అంటించినా దొరకని దగ్గులు, వాటంతట అవే నడిచొచ్చి కుర్చీల్లో కూర్చున్నాయి.

అక్క గొంతులో తేనె చేరింది. "కూర్చోండి బాబాయిగారూ. నేను మందివ్వలేను గానీ, మీరే నాకో సాయం చెయ్యాలి. రేపు ఆసుపత్రికి వస్తే ఒక్కొక్కరి దగ్గరా కాస్త రక్తం తీసుకుంటాం. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

హాలు గప్‌చుప్. ఒక్క దగ్గు లేదు.

"ఇదేమిటో, గొంతు ఉన్నట్టుండి హాయిగా ఉందే" అన్నారు బాబాయిగారు లేస్తూ.

"మా అత్తగారిది దగ్గు కాదండీ, అలవాటు" అన్నాడు టైలరు.

ముక్కూమొహం తెలియని మనిషి ఎప్పుడు మాయమయ్యాడో ఎవరూ చూడలేదు. పిన్నిగారు గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "మీ అక్కది ఎంత మంచి హస్తవాసి తల్లీ!" అని మెచ్చుకుని మరీ వెళ్ళారు.

అక్క కుర్చీలో కూలబడింది. చెల్లెలు చంటివాణ్ణి కిందికి దింపి, చెయ్యి ముందుకు చాపింది.

"నాది తీసుకో అక్కా."

"నీకు దగ్గు లేదు కదే పిచ్చిదానా."

"దగ్గమంటే దగ్గుతాను."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ పొలమారింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, మనుషులు దొరకలేదని పత్రికవాళ్ళకు రాసేసింది. మందూమాకూ లేకుండా, ఒక్క మాటతో హాలెడు జనానికి దగ్గు కుదిర్చిన సంగతి మాత్రం ఆ జవాబులో ఎక్కడా రాయలేదు.